చిన్నమేడం అంగుళం

పోయిన వారం జిప్పు తెగిన చప్పుడు దగ్గర ఆగాం.

తెగింది ఎవరి జిప్పు? పాతిక ఊళ్ళలో దుకాణాలున్న కంపెనీకి ఆడవాళ్ళ దుస్తులు ఎంపిక చేసే ఆవిడది. కుట్టుపనివాళ్ళంతా చాటుగా ‘దుకాణాలావిడ’ అని పిలుచుకునే ఆ పెద్దమనిషి, తన సిబ్బంది నలుగురూ చూస్తుండగా, మన చిన్నమేడం డిజైన్ చేసిన శాంపిల్ గౌను తొడుక్కుంది. ఊపిరి పీల్చింది. అంతే, వీపు మధ్య జిప్పు టప్పున విడిపోయింది. అదొక్కటే అయితే పోనీలే అనుకోవచ్చు. ఫ్యాక్టరీ కుట్టి పంపిన పన్నెండు శాంపిళ్ళలో ఒక్కటి కూడా ఎవరి ఒంటికీ పట్టలేదు.

చిన్నమేడం అంటే మరీ చిన్నదేమీ కాదు, ముప్పై ఏడేళ్ళు నిండాయి. ఆ దుస్తుల సంస్థ ఆమె మేనత్తది. మేనత్త పెద్దమేడంగా ఉన్నన్నాళ్ళూ ఈమె చిన్నమేడంగా ఉండక తప్పదు. ఆ ‘చిన్న’ను వదిలించుకునే అవకాశం ఇన్నాళ్ళకు ఒక్కసారి వచ్చింది. శాంపిళ్ళు సరిపోతే దుకాణాలావిడ వాటిని చిన్నమేడం సొంత పేరుతో, సొంత లేబుల్‌తో పాతిక ఊళ్ళలోనూ అమ్మకానికి పెడుతుంది. సరిగ్గా అలాంటి చోట జిప్పు తెగింది. తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియని మనిషి ఎవరో ఒకరి నెత్తిన తప్పు పెడుతుంది. చిన్నమేడం ఫ్యాక్టరీ మేనేజరుకు ఫోన్ చేసి, “నా కొలతల చార్టు చూసి కుట్టడం కూడా రాని చేతులకు శాంపిల్ పని ఎలా ఇచ్చారు?” అని విరుచుకుపడింది. మర్నాటికల్లా ఆ పన్నెండూ కుట్టిన ఆవిడను పనిలోంచి తీసేశారని కబురొచ్చింది. దుకాణాలావిడ గురువారం మధ్యాహ్నం నాలుగింటికి మళ్ళీ వస్తానంది. శాంపిల్ కుట్టినావిడ పని పోయిందని విన్నప్పుడు చిన్నమేడానికి జాలి వేయలేదు సరికదా, కాస్త హాయిగా కూడా అనిపించింది.

ఆ హాయి గురువారం పొద్దున పదకొండు దాకా నిలిచింది.

పదకొండింటికి ఫ్యాక్టరీ నుంచి పార్సిల్ వచ్చింది. విప్పి చూస్తే లోపల జిప్పు తెగిన ఆ గౌనే, చక్కగా ఇస్త్రీ చేసి మడతపెట్టి ఉంది. దాని పక్కన చిన్నమేడం పంపిన కొలతల చార్టు. ఆ రెంటి కింద గజం పొడుగు స్టీలు స్కేలు. మేనేజరు ఒక చీటీ కూడా పెట్టాడు: ‘చార్టు మీదే, గౌను మీదే. దయచేసి ఒక్కసారి మీరే కొలవండి.’

“పొగరు చూడు,” అనుకుంది చిన్నమేడం. వాడి నోరు మూయించడానికే గౌనును బల్ల మీద పరిచి, ముడతలు లేకుండా అరచేత్తో సవరించి, నడుము దగ్గర స్కేలు పెట్టింది. పదమూడున్నర. ముందూ వెనకా కలిపితే ఇరవై ఏడు. చార్టులో చూసింది. ఇరవై ఏడు. ఛాతీ కొలిచింది, పద్దెనిమిది. రెట్టిస్తే ముప్పై ఆరు. చార్టులో ముప్పై ఆరే ఉంది. భుజం, చేతి పొడుగు, మెడ, ఒకటొకటే కొలుచుకుంటూ పోయింది. వెంట్రుకవాసి తేడా లేదు. పాపం ఆ కుట్టినావిడ చార్టును శాసనంలా పాటించింది.

మరి మనుషులకు ఎందుకు పట్టలేదు?

చిన్నమేడం మెడలోంచి తన టేపు తీసింది. ఈ టేపు సంగతి కొత్తగా చదువుతున్నవాళ్ళకు చెప్పాలి. ఆరేళ్ళ క్రితం మేనత్త ప్రత్యేకంగా చేయించి ఇచ్చిన కానుక అది. బంగారు రంగు పట్టు పట్టీ, దాని మీద నల్లటి అంకెలు, అంచులకు చేతికుట్టు. “డిజైనర్ మెడలో ప్లాస్టిక్ టేపు వేలాడితే కూలికొచ్చిన మనిషిలా ఉంటుందే అమ్మడూ,” అని తనే మెడలో వేసింది. అప్పట్నుంచీ చిన్నమేడం ఏ కస్టమర్‌ను కొలిచినా దానితోనే కొలిచేది. పత్రికల్లో వచ్చిన ప్రతి ఫొటోలోనూ ఆమె మెడలో అది ఉంది. ఒక పత్రికవాళ్ళయితే ఆ టేపు మీదే శీర్షిక కట్టారు: ‘ఆమె చెయ్యి తగిలితే నడుము తగ్గుతుంది’. ఎక్కడ కొలిచినా ముప్పై వచ్చే మనిషికి ఈ ఇంట్లో ఇరవై ఏడే వచ్చేది. అదంతా తన కటింగ్ మహిమ అని, తన బట్ట ఒంటిని అలా పట్టి నిలబెడుతుందని లోకం అంది. చిన్నమేడం కాదనలేదు.

టేపును స్టీలు స్కేలు పక్కన పరిచింది. మొదలు మొదలుకు ఆనించింది. టేపు మీద తొమ్మిది ఉన్నచోట స్కేలు మీద పది ఉంది. పద్దెనిమిది ఉన్నచోట ఇరవై. ఇరవై ఏడు ఉన్నచోట ముప్పై.

పట్టు సాగిందేమో అనుకుంది. సాగిన టేపు ఎక్కడో ఒకచోట సాగుతుంది, అంకె అంకెకూ ఒకే లెక్కన సాగదు. ఇది సాగింది కాదు. ఇలాగే పుట్టింది.

నిజం చెప్పాలంటే చిన్నమేడం మొట్టమొదట తలుచుకున్నది మోసపోయిన కస్టమర్లను కాదు, పని పోగొట్టుకున్న ఆవిడను అసలే కాదు. తన నడుమును. ‘ఈ వయసులోనూ ఇరవై ఏడు’ అని ఎంతమందితో చెప్పుకుందో గుర్తొచ్చింది. స్నేహితురాళ్ళు పథ్యాలు చేస్తుంటే పక్కన కూర్చుని సానుభూతి కూడా చూపించింది. ముప్పై అన్నమాట. ఆ ఆలోచన రాగానే, ఇంత జరిగితే ముందు తట్టింది ఇదా అని తన మీద తనకే రోత పుట్టింది.

అప్పుడే టేపు వాసన తగిలింది. ఆరేళ్ళలో ఎందరి చంకల కిందనుంచో, ఎందరి వీపుల మీదుగానో తిరిగిన పట్టు అది. ఉతికితే రంగు పోతుందని ఎన్నడూ ఉతకలేదు. పౌడరు, సెంటు, చెమట కలిసి ముక్కిపోయిన వాసన. అంచుల దగ్గర బంగారు రంగు కాదు, మురికి పసుపు. రోజూ మెడలో ఉన్నదే, ఇన్నాళ్ళూ ఈ కంపు ఎలా తెలియలేదో ఆమెకు అర్థం కాలేదు. రెండు వేళ్ళతో పట్టుకుని బల్ల మీద పడేసింది. చేతులు కడుక్కుని వచ్చింది. మళ్ళీ వెళ్ళి కడుక్కుంది.

ఒక్క సందేహం మిగిలింది. టేపు తప్పయితే ఇన్నేళ్ళూ ఇక్కడ కుట్టిన బట్టలు కూడా పట్టకూడదు కదా. పట్టాయి. చేతికి తొడుగు వేసినట్టు పట్టాయి. అంటే తను రాసి పంపిన కొలతను ఎవరో దారిలో దిద్దుతున్నారు.

కటింగ్ గది మెట్ల కింద ఉంది. చిన్నమేడం అక్కడికి ఏడాదికోసారి కూడా వెళ్ళదు. “డిజైనర్ చేతికి సుద్ద అంటకూడదు,” అనేది పెద్దమేడం సిద్ధాంతం. బొమ్మ గీయడం, కస్టమర్‌ను కొలవడం, చీటీ రాసి కిందికి పంపడం, అంతవరకే ఈమె పని. కిందికి దిగుతుంటే ఇస్త్రీ ఆవిరి, మిషన్ నూనె వాసన ఎదురొచ్చాయి. తలుపు ఓరగా ఉంది. చెయ్యి వేయబోతుండగా లోపల మిషన్ మీద ఉన్న ఒకామె గొంతు వినిపించింది.

“మాస్టారూ, ఈ చీటీలో నడుము రాశారే, ఇది మామూలు అంగుళమా, చిన్నమేడం అంగుళమా?”

“చీటీ పైనుంచి వచ్చిందా, బయటినుంచి వచ్చిందా?”

“పైనుంచే.”

“అయితే చిన్నమేడం అంగుళమే. తొమ్మిదికి పది వేసుకో.”

ఇంకొకామె నవ్వింది. “మా ఆయన జీతాన్ని కూడా చిన్నమేడం అంగుళంతో కొలిస్తే బాగుండు. కాని అది తిరగేసి పనిచేస్తుంది కదా, ఉన్నదాన్ని తగ్గించి చూపిస్తుంది.”

ముగ్గురూ నవ్వారు. కొత్త హాస్యం విన్నప్పటి నవ్వు కాదు అది. అలవాటైపోయిన మాటకు నవ్వే నవ్వు. చిన్నమేడం చెవులు వేడెక్కాయి. పాతిక ఊళ్ళలో తన పేరు చూసుకోవాలని ఆశపడింది కదా. తన ఇంట్లోనే, తన కాళ్ళ కిందే, ఆరేళ్ళుగా ఒక దొంగ కొలతకు తన పేరు స్థిరపడిపోయి ఉంది.

తలుపు తోసింది. మిషన్లు ఆగిపోయాయి.

“చిన్నమేడం అంగుళం అంటే ఏమిటి మాస్టారూ?”

కటింగ్ మాస్టారుకు అరవై దాటాయి. చేతిలో సుద్దముక్క, మెడలో అరిగిపోయిన పసుపు ప్లాస్టిక్ టేపు. ఆయన ఆమెవైపు చూసి, ఆమె ముఖంలో ఏం చూశాడో గాని, కళ్ళద్దాలు తీసి తుడుచుకోవడం మొదలుపెట్టాడు.

“మీకు తెలుసు కదమ్మా.”

“తెలిస్తే ఎందుకు అడుగుతాను?”

మాస్టారు లేచి బీరువా తలుపు తెరిచాడు. తలుపు లోపలివైపు రెండు వరుసల అంకెలు రాసి ఉన్నాయి. తొమ్మిదికి ఎదురుగా పది. పద్దెనిమిదికి ఇరవై. ఇరవై ఏడుకు ముప్పై. ముప్పై ఆరుకు నలభై. చెరిగినచోట మళ్ళీ మళ్ళీ దిద్దిన సుద్ద ఒక పూతలా పేరుకుపోయింది.

“పెద్దమేడం చెప్పారమ్మా. మీరు అలా కావాలన్నారని. కస్టమర్లకు సంతోషంగా ఉంటుందని. మీ ముందు మాత్రం ఎత్తొద్దన్నారు, మీరు నొచ్చుకుంటారట.”

“మీరు నమ్మారా?”

“నమ్మకేం? టేపు మీ మెడలోనే ఉంటుంది కదా.”

 మిషన్ల మీది ఇద్దరూ తలలు వంచుకుని గుడ్డ కేసి చూస్తున్నారు. వీళ్ళకు ఆరేళ్ళుగా ఆమె ఒక దొంగ. రోజూ పొద్దున మెట్ల దగ్గర ఎదురైతే లేచి నిలబడి, పక్కకు తప్పుకుని, ఆ దొంగకే దారి ఇచ్చారు. 

“తప్పని ఎప్పుడూ అనిపించలేదా మాస్టారూ?”

“అనిపించింది. నెలాఖరుకు జీతం కూడా గుర్తొచ్చింది.” మాస్టారు అద్దాలు పెట్టుకున్నాడు. “ఫ్యాక్టరీకి పంపే చార్టు ఒకమాట నాకు చూపించి ఉండాల్సిందమ్మా. తొమ్మిదికి పది వేసి ఇచ్చేవాణ్ణి. ఆ జిప్పు తెగేది కాదు, ఆవిడెవరో ఆమె పనీ పోయేది కాదు.”

ఎంతో సాయం చేసేవాడిలా అన్నాడు. నిజంగా సాయమే అనుకుంటున్నాడు. ఆ గదిలో తప్పు అనేది ఎప్పుడో పనిలో ఒక పద్ధతి అయిపోయింది.

“మీ టేపు ఒకసారి ఇస్తారా?”

“మురికిగా ఉంటుందమ్మా.”

“ఫర్వాలేదు, ఇవ్వండి.”

పెద్దమేడం పైన ట్రయల్ గదిలో ఉంది. మూడువైపులా నిలువుటద్దాలున్న గది అది. సాయంత్రం రాబోయే దుకాణాలావిడ కోసం గది సర్దించి, తను సోఫాలో కూర్చుని కమలాపండు ఒలుచుకుంటోంది. డెబ్భైకి దగ్గరపడ్డా నిటారైన మనిషి. తొన నోట్లో వేసుకోవడం, నమలడం, గింజను పక్కనున్న గుండుసూదుల పళ్ళెంలోకి ఉమ్మడం. తడి గింజలు సూదుల మధ్య మెరుస్తున్నాయి. మూడు అద్దాల్లో ముగ్గురు అత్తయ్యలు నములుతున్నారు. ఎన్నోసార్లు చూసిన దృశ్యమే అయినా చిన్నమేడం తల తిప్పుకోవాల్సి వచ్చింది.

చిన్నమేడం వచ్చేటప్పుడు తన బల్ల మీది టేపును కాగితంతో పట్టుకుని తెచ్చింది. స్కేలునూ దాన్నీ సోఫా ముందున్న బల్ల మీద పక్కపక్కన పెట్టింది. సంస్థలో ఉన్నంతసేపూ అత్తను ‘మీరు’ అనడం, ఇంట్లో ‘నువ్వు’ అనడం ఆమెకు చిన్నప్పట్నుంచీ అలవాటు. ఈ రోజు ఆ హద్దు తనంతట తనే చెరిగిపోయింది.

“మేనేజరు ఈ స్కేలు పంపి కొలవమన్నాడు. ఈ తప్పుడు టేపు నువ్వే కావాలని చేయించావా అత్తయ్యా?”

పెద్దమేడం చూసింది. ఇంకో తొన తీసింది. “ఈమాత్రం తెలుసుకోవడానికి ఆరేళ్ళు పట్టిందా నీకు? నీకంటే ఆ మేనేజరే నయం.”

“ఎందుకు చేశావు?”

“కూర్చో.”

“కూర్చోను.”

“నిలబడే విను. ఆరేళ్ళ కిందట నీ మొదటి కలెక్షన్ పెట్టాం గుర్తుందా? పదహారు గౌన్లు. అద్భుతంగా గీశావు. నా కళ్ళలో నీళ్ళొచ్చాయి, మా అన్నయ్య ఉండి చూస్తే బాగుండేదని. ఎన్ని అమ్ముడయ్యాయి?”

చిన్నమేడం స్కేలును బల్ల అంచుకు సమంగా జరిపింది.

“రెండు. ఒకటి నీ స్నేహితురాలు మొహమాటానికి కొంది. ఇంకొకటి నేనే మనిషిని పెట్టి కొనిపించాను, నువ్వు ఏడుస్తుంటే చూడలేక. మిగతావాళ్ళు ఏమన్నారో తెలుసా? గౌను బాగుంది గాని లావుగా కనిపిస్తున్నాం అన్నారు. లావుగా ఉన్నవాళ్ళు లావుగా కనిపించక ఏమవుతారే? నెల తిరక్కుండా ఈ టేపు చేయించాను. ఆ తర్వాత ఒక్కళ్ళయినా లావుగా ఉన్నాం అన్నారా?”

“అది మోసం అత్తయ్యా.”

“ఎవరికి నష్టం? ముప్పై నడుముకు ముప్పై గుడ్డే వేసి కుట్టాం. అణా పైసా తక్కువ చేశామా? నోటితో ఇరవై ఏడు అన్నాం, అంతే. ఆడవాళ్ళు బట్ట కొనరే అమ్మడూ. అంకె కొంటారు. బట్ట దాని మీద కప్పుకుంటారు.” పెద్దమేడం గింజ ఉమ్మింది. “ఆరేళ్ళలో ఇంటికెళ్ళి మళ్ళీ కొలుచుకున్న మనిషిని ఒక్కదాన్ని చూపించు. నచ్చిన అంకె చెవిన పడ్డాక ఎవరూ మళ్ళీ కొలుచుకోరు. ఎందుకు, నువ్వు కొలుచుకున్నావా?”

ఆ దెబ్బ తగలాల్సిన చోట తగిలింది. చిన్నమేడం ముఖం పాలిపోయింది. ఆమెకు కోపం రావాల్సిన చోట కోపం రావడం లేదు. అంతకంటే నీచమైనదేదో వస్తోంది. కొలత చదివి వినిపించినప్పుడు కస్టమర్ ముఖాలు ఎలా వెలిగేవో, ఆ వెలుగులో తను ఎలా చలి కాచుకునేదో ఒక్కటొక్కటే గుర్తొచ్చాయి. ఒకామె ఆనందంతో ఆమె చేతులు పట్టుకుని ముద్దు పెట్టుకుంది. ఇంకొకామె కూతుర్ని కూడా తీసుకొచ్చింది. ఆ చేతులను ఇప్పుడు ఎక్కడ పెట్టుకోవాలో ఆమెకు తెలియలేదు.

“అయితే నా చేతిలో ఏమీ లేదన్నమాట.”

“ఉంది. లేకపోతే నీకోసం ఇంత ఎందుకు చేస్తాను? చెయ్యి మంచిదే, కాని మంచి చెయ్యి ఉన్నవాళ్ళు వీధికి పదిమంది ఉంటారు. వాళ్ళంతా కిటికీలకు కర్టెన్లు కుట్టుకుంటూ బతుకుతున్నారు. నిన్ను అలా కానివ్వకూడదనుకున్నాను.” పెద్దమేడం గొంతు మెత్తబడింది. “మేనకోడలివి కాదు, కూతురివి. కూతురికోసం ఏ తల్లయినా కొంచెం అంగుళం సాగదీస్తుంది.”

ఆ ప్రేమ నిజమైనదే. చిన్నమేడానికి తెలుసు. జ్వరం వస్తే రాత్రంతా మేలుకుని కూర్చున్న చెయ్యే ఇది. అబద్ధం అయితే ఉమ్మేసి వెళ్ళిపోవచ్చు, ఈ నిజాన్ని ఏం చెయ్యాలి? ఇంత కుళ్ళులో కూడా ప్రేమ ఉందని తెలియడమే ఆమెకు అన్నిటికంటే అసహ్యంగా ఉంది.

“ఆ శాంపిల్ కుట్టినావిడ సంగతేంటి?”

“ఏంటి?”

“సరిగ్గా కుట్టింది. నా వల్ల పని పోయింది.”

“పోయింది కదా, ఇంక చేసేదేముంది? మాస్టారుతో కొత్త చార్టు రాయిస్తాను. సాయంత్రం దుకాణాలావిడకు ఒకే మాట చెబుదాం. కుట్టడంలో పొరపాటు జరిగింది, కుట్టిన మనిషిని తీసేశారు, ఇకమీద జరగదు. ఆవిడ సంతకం పెట్టి వెళ్తుంది. నీ పేరు పాతిక ఊళ్ళలో ఉంటుంది.”

“పని చేతకాదన్న పేరు ఆవిడకు ఉంటుంది.”

“ఎవరికో ఒకరికి ఉండాలి కదే. నీకు ఉండాలా, ముక్కూ మొహం తెలియని కుట్టుపనావిడకు ఉండాలా, నువ్వే చెప్పు.”

చిన్నమేడం నోరు తెరిచింది. ఆ క్షణంలో ఆమె ఏం చెప్పబోయిందో ఆమెకే సరిగ్గా తెలియదు. మనం కూడా ఆమె తరఫున పెద్ద మాటలు చెప్పొద్దు. ఆశ అంత తేలిగ్గా చచ్చేది కాదు. ‘ఒక్కసారికి’ అనే మాట నాలుక చివరిదాకా వచ్చిందని మాత్రం ఒప్పుకోవాలి. ఆ మాట తన నోట్లోనే తనకు చేదుగా తగిలింది.

ఇంతలో కింద కారు తలుపు పడిన చప్పుడైంది. నాలుగింటికి వస్తానన్న మనిషి మూడింటికే దిగింది.

పెద్దమేడం చకచకా లేచింది. గుండుసూదుల పళ్ళెం సోఫా కిందికి కాలితో తోసింది. స్టీలు స్కేలు కర్టెన్ వెనక నిలబెట్టింది. పండు రసం అంటిన వేళ్ళతోనే బంగారు టేపు ఎత్తి మేనకోడలి మెడలో వేసి, రెండు కొసలూ సమంగా సర్దింది. జిగటగా మెడకు తగిలింది. 

“నవ్వు మొహం పెట్టు,” అంది పెద్దమేడం నెమ్మదిగా.

దుకాణాలావిడ ఒంటరిగా లోపలికి వచ్చింది. యాభై ఏళ్ళ నిండైన మనిషి, తిన్నగా మాట్లాడే మనిషి. ఈ ఇంట్లో నాలుగేళ్ళుగా గౌన్లు కుట్టించుకుంటోంది, ఆ పరిచయంతోనే ఈ ఒప్పందం దాకా వచ్చింది. పెద్దమేడం తియ్యగా అందుకుంది.

“రండి రండి. మొన్న జరిగినదానికి ఎంత బాధపడ్డామో చెప్పలేను. ఫ్యాక్టరీలో చేతకాని మనిషెవరో...”

“అది తర్వాత మాట్లాడదాం,” అంది దుకాణాలావిడ. కోటు విప్పి కుర్చీ మీద వేసింది. అద్దాల మధ్యకు వెళ్ళి చేతులు రెండూ పక్కలకు చాచి నిలబడింది. “ముందు నన్ను కొలవండి. మీరు కాదు, చిన్నమేడం.”

 పెద్దమేడం కళ్ళతోనే ‘కానివ్వు’ అంది. చిన్నమేడం వెళ్ళి దుకాణాలావిడ ఎదురుగా నిలబడింది. మెడలో టేపు ఉంది. జేబులో మాస్టారు టేపు ఉంది. మెడలోని టేపుతో కొలిస్తే ఎప్పట్లాగే ఛాతీ ముప్పై ఆరు. సంతకం. పేరు. పాతిక ఊళ్ళు. ఎంత సులువు.

అది తీసి సోఫా మీద పడేసింది. జేబులోంచి సుద్ద మరకలున్న ప్లాస్టిక్ టేపు తీసి దుకాణాలావిడ వీపు చుట్టూ తిప్పి ముందుకు తెచ్చింది. రెండు కొసలూ కలిసిన చోట అంకె చూసింది. 

“చదవండి,” అంది దుకాణాలావిడ.

“నలభై.”

పెద్దమేడం కళ్ళు మూసుకుంది.

“నలభై,” అని తనూ ఒకసారి అనుకుంది దుకాణాలావిడ. “నా అద్దానికి తెలుసు ఈ సంగతి. మా ఇంటి పక్క దర్జీకి తెలుసు. ఈ గదిలోనే నాలుగేళ్ళుగా ముప్పై ఆరు. నాకూ అనుమానం రాలేదని కాదు. వినడానికి బాగుండేది, విన్నాను. సిగ్గులేనిదాన్ని.” చేతులు దించింది. “నిన్న ఫ్యాక్టరీ మేనేజరు నా దగ్గరికి వచ్చి, గౌను చార్టు ప్రకారమే ఉందని స్కేలు పెట్టి చూపించాడు. ఇప్పుడు చెప్పండి. నాలుగేళ్ళుగా నన్ను ముప్పై ఆరు అన్నది ఎవరు?”

చిన్నమేడం అత్త వైపు చూసింది. ఒక్క మాట అంటుందనుకుంది. నా పనే అనకపోయినా కనీసం మౌనంగా ఉంటుందనుకుంది. కూతురివి అని ఇంకా పావుగంట కాలేదు.

పెద్దమేడం కళ్ళు తెరిచింది. ముఖం తుడిచినట్టు ప్రశాంతంగా ఉంది.

“నన్ను అడిగితే ఏం చెప్పనండీ,” అంది. “కొలతలన్నీ మొదట్నుంచీ ఆవిడే తీస్తారు. చీటీలన్నీ ఆవిడ చేతిరాతే. నేను ముసలిదాన్ని, నమ్మి వదిలేశాను.”

ఆవిడ. ముప్పై ఏడేళ్ళుగా అమ్మడు అయిన మనిషి ఒక్క నిమిషంలో ఆవిడ అయిపోయింది. చిన్నమేడానికి ఏడుపు రాలేదు. అత్త ముఖం చూస్తూ ఉండిపోయింది. సూదుల పళ్ళెంలోని గింజలను చూసినప్పుడు ఎలా అనిపించిందో సరిగ్గా అలాగే అనిపించింది.

“నిజమేనా?” అని అడిగింది దుకాణాలావిడ.

నాకీ పొద్దున్నే తెలిసింది అని చెప్పొచ్చు. ఎవరు నమ్ముతారు? ఆరేళ్ళుగా ఆ టేపు మెడలో వేసుకుని ఊరూరా పత్రికల్లో నవ్విన మనిషిని? కింద గదిలో మాస్టారే తనకు అంతా తెలుసనుకున్నాడు. పోనీ కొలిచింది ఎవరు? చదివింది ఎవరు? ఫోన్ చేసి ఒక మనిషి పని తీయించింది ఎవరు?

“కొలిచింది నేనే,” అంది చిన్నమేడం.

“సరే. ఆ మాట నాకు కాదు చెప్పాల్సింది. ఆమెకు నేనింకా ఏమీ చెప్పలేదు.” దుకాణాలావిడ వెళ్ళి గది తలుపు తీసింది. “రామ్మా, లోపలికి రా.”

మెట్ల మీద ఇంతసేపూ కూర్చున్న ఒకామె లోపలికి వచ్చింది. నడివయసు మనిషి, సన్నగా, వెలిసిపోయిన చీరలో. చెప్పులు బయటే విడిచి వచ్చింది. మూడు అద్దాల్లో తన్ను తను చూసుకుని కంగారుపడి పక్కకు జరిగింది. ఆమె ఎవరో ఎవరూ చెప్పక్కర్లేదు. చేతిసంచిలోంచి జిప్పు తెగిన గౌనుకు సరిజోడు, రెండో శాంపిల్ గౌను తీసి, రెండు చేతులతో చిన్నమేడం ముందు పట్టుకుంది. ఆమె గొంతులో కోపం లేదు. అదే భరించలేకపోయింది చిన్నమేడం.

“మేడం, ఇరవై రెండేళ్ళుగా కుడుతున్నాను. ఇలా ఎప్పుడూ జరగలేదు. వారం నుంచి దీన్ని విప్పి విప్పి చూస్తున్నాను, నా తప్పు ఎక్కడుందో నాకు దొరకడం లేదు. మీరు పెద్దవాళ్ళు, ఒక్కసారి కొలిచి చూపించండి. మళ్ళీ చెయ్యను,” అంటూ సంచిలో చెయ్యి పెట్టింది. “నా టేపు తెచ్చుకున్నాను. దీనితో చూపించినా సరే. మీ టేపుతో చూపించినా సరే.”